వైజాగ్ వేడిలో అల్లం బీరు: ఇంట్లో పులియబెట్టడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

ఇంట్లో సొంతంగా బీరు చేసుకోవాలన్న ఆసక్తి మీకుంటే, ముందు ఒక మాట సూటిగా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయకూడదు. అమ్మను, బయటికి ఇవ్వను, నా ఇంట్లో నా కోసమే అన్నా కుదరదు. అందుకని బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) ఆన్‌లైన్‌లో తెప్పించి బకెట్లో బీరు పెట్టే పద్ధతి నేను చెప్పను.

చట్టం సంగతి అలా ఉంచినా, మన ఊరి వాతావరణం ఆ పనికి అనుకూలం కాదు. ఏల్ రకం బీరుకు వాడే ఈస్ట్, అంటే చక్కెరను పులియబెట్టే సూక్ష్మజీవి, 18 నుంచి 22 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది. లాగర్ అనే మరో రకానికైతే 8 నుంచి 13 డిగ్రీలు కావాలి. వైజాగ్‌లో ఫ్యాన్ కింద గది కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు 28 డిగ్రీల పైనే ఉంటుంది. ఆ వేడిలో పులిసిన బీరుకు ఘాటైన వాసనలు పట్టి నోట్లో పెట్టుకోబుద్ధి కాదు.

అదే విద్యను మన వేడికి సరిపడేలా నేర్పేది అల్లం బీరు. పేరులో బీరు ఉన్నా ఇది అల్లం, చక్కెర, నిమ్మకాయ వేసి పులియబెట్టిన షర్బత్ లాంటిది. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇళ్లలో మొదలైంది. అందులో పనిచేసేది ఒక్క జీవి కాదని, ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి కాపురం చేస్తున్నాయని హ్యారీ మార్షల్ వార్డ్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త 1892లో వివరంగా రాశాడు. శుభ్రత, ఉష్ణోగ్రత, గ్యాస్ ఒత్తిడి, ఎప్పుడు ఆపాలన్న అంచనా, బీరు చేసేవాళ్లకు కావాల్సిన ఈ నాలుగూ ఇక్కడా కావాలి.

ఆల్కహాల్ బొత్తిగా ఉండదా అంటే, ఉంటుంది. ఈస్ట్ చక్కెర తింటే గ్యాస్‌తో పాటు ఆల్కహాల్ కూడా పుడుతుంది, ఒకటి లేకుండా ఇంకొకటి రాదు. మన ఆహార భద్రతా నిబంధనలు ఆల్కహాల్ అర శాతం దాటిన పానీయాన్ని మద్యం కింద లెక్కిస్తాయి. ఆ గీతకు ఇవతలే ఆగడం మన పని. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. చుక్క కూడా వద్దనుకునేవాళ్లు, గర్భిణులు, తాగుడు మానేసినవాళ్లు, ఆల్కహాల్ పడని మాత్రలు వాడేవాళ్లు దీన్ని తాగకూడదు. పిల్లలకూ ఇవ్వకండి. వాళ్లకు అదే అల్లం నీళ్లు పులియబెట్టకుండా, సోడా కలిపి ఇస్తే సరిపోతుంది.

ఏమేం కావాలి

సామాను చాలావరకు వంటింట్లోనే ఉంటుంది. లీటరు పట్టే గాజు సీసా, మూడు నాలుగు లీటర్ల స్టీలు గిన్నె, పలచటి నూలు గుడ్డ, రబ్బరు బ్యాండు, గరాటు, గ్రాములు చూపే చిన్న తూకం. అల్యూమినియం, ఇత్తడి, రాగి పాత్రలు వద్దు. పులుపు తగిలితే లోహం దిగుతుంది.

తయారైన అల్లం బీరు నింపే బాటిళ్ల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మొదట్లో వాటికి గాజు సీసాల జోలికి వెళ్లొద్దు. కూల్‌డ్రింక్ వచ్చిన ప్లాస్టిక్ బాటిళ్లే వాడండి. అవి గ్యాస్ ఒత్తిడి తట్టుకోవడానికే తయారైనవి. మంచినీళ్ల బాటిల్ పలచగా ఉంటుంది, పనికిరాదు. షోకేసులో పెట్టుకునే నలుచదరపు గాజు సీసాలైతే అసలే వద్దు, మూలల దగ్గర ఒత్తిడి చేరి పగులుతాయి. పాత గోలీసోడా బాటిల్ మందంగానే ఉంటుంది కదా అనిపించొచ్చు. 1872లో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న ఆ బాటిల్‌లో గోలీ మూతికి బిగుసుకోవాలంటే ముందే గ్యాస్ ఎక్కించి, తలకిందులు చేసి నింపాలి. ఇంట్లో అది కుదిరే పని కాదు.

అల్లం దగ్గర బద్ధకించకండి. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీలో పండే అల్లం దొరికితే అదే తీసుకోండి. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ రైతుబజార్లలో పొద్దున్నే వెళితే మట్టి అంటుకున్న తాజా అల్లం దొరుకుతుంది. తోమి, కడిగి, నిగనిగలాడేలా పెట్టిన సూపర్ మార్కెట్ అల్లం కంటే ఈ మట్టి అల్లమే మనకు కావాలి. మనకు పనికొచ్చే ఈస్ట్ ఆ తొక్క మీదే ఉంటుంది. నీళ్లలో జాడించి మట్టి పోగొట్టండి, తొక్క మాత్రం తీయొద్దు.

నీళ్లు: జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. అది సూక్ష్మజీవులను చంపడానికే కాబట్టి మన ఈస్ట్‌నూ వదలదు. పది నిమిషాలు మరగబెట్టి చల్లార్చి వాడండి. తీరం దగ్గరి కాలనీల్లో బోరు నీళ్లు ఉప్పగా తగిలితే వాటిని వంటకే ఉంచండి.

చక్కెరా, బెల్లమా? అనకాపల్లి పక్కనే ఉండగా చక్కెర ఎందుకనిపిస్తుంది. అయినా మొదటిసారి చక్కెరతోనే చేయండి. బెల్లంలో మడ్డి ఉంటుంది, రుచి అల్లాన్ని కప్పేస్తుంది, ఏదైనా తేడా వస్తే తప్పెక్కడుందో తెలియదు. చేయి తిరిగాక సగం చక్కెర, సగం బెల్లం వేసి చూడండి. అప్పుడు కూడా పసుప్పచ్చగా మెరిసే బెల్లం కాకుండా ముదురు గోధుమరంగుది ఎంచుకోండి. ఆ మెరుపు కోసం హైడ్రోస్ అనే గంధకపు రసాయనం కలుపుతారు, దాని తాలూకు గంధకం మిగిలి ఉంటే ఈస్ట్ నీరసపడుతుంది.

స్టార్టర్ పెట్టడం

స్టార్టర్ అంటే పెరుగుకు తోడు లాంటిది, ఈస్ట్ పెరిగే అల్లం, చక్కెర నీళ్లు. గాజు సీసాను వేడినీళ్లతో కడిగి, సబ్బు వాసన లేకుండా ఆరబెట్టండి. గాజులో ఒక్కసారిగా మరిగే నీళ్లు పోస్తే చిట్లుతుంది. ముందు గోరువెచ్చనివి, తర్వాత వేడివి పోయండి. అందులో అర లీటరు చల్లారిన నీళ్లు, రెండు పెద్ద చెంచాల తురిమిన అల్లం, రెండు పెద్ద చెంచాల చక్కెర వేసి బాగా కలపండి. మూతి మీద గుడ్డ రెండు మడతలుగా వేసి రబ్బరు బ్యాండు బిగించండి. గాలి ఆడాలి, ఈగ దూరకూడదు.

చీమల బెడద మనకు తెలిసిందే. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో సీసా పెట్టండి. ఆ నీళ్లు రోజూ మార్చండి, లేకపోతే దోమలు చేరతాయి.

రోజూ ఒకే వేళకు ఒక చెంచా అల్లం తురుము, ఒక చెంచా చక్కెర వేసి కలపండి. పొద్దున, సాయంత్రం శుభ్రమైన పొడి గరిటెతో తిప్పండి. మొదటి రోజు ఏమీ జరగదు. రెండో రోజుకు నీళ్లు కాస్త మసకబారుతాయి. తర్వాత అల్లం తురుము అంతా పైకి తేలి అట్టలా కడుతుంది. గరిటెతో దాన్ని పక్కకు నెట్టగానే కింద నుంచి సన్నని బుడగలు వరసగా లేస్తాయి, చెవి దగ్గర పెడితే చిరుచిరుమని వినిపిస్తుంది. అది వినిపించిందంటే స్టార్టర్ పట్టుకున్నట్టే. మే నెలలో మూడు నాలుగు రోజులకే ఇలా వస్తుంది. డిసెంబరు, జనవరిలో వారం పట్టినా కంగారు పడకండి.

విదేశీ వంటకాల్లో ఇన్ని గంటలు, ఇన్ని రోజులు అని రాసి ఉంటుంది. అవి 20 డిగ్రీల గదికి రాసినవి. మన వంటింట్లో దోసెల పిండి జనవరిలో తెల్లారేదాకా కదలదు, మేలో అర్ధరాత్రికే గిన్నె దాటి పొంగుతుంది. స్టార్టరూ అంతే. క్యాలెండర్ కాకుండా బుడగలు చూసి నడవండి.

వాసన పుల్లగా, అల్లం ఘాటుతో ఉండాలి. పైన తెల్లటి పలచటి పొర కడితే అది ఒక రకం అడవి ఈస్ట్. హాని లేదు, తీసేసి కొనసాగించొచ్చు. ఆకుపచ్చగానో, నల్లగానో, నూగు నూగుగా బూజు పడితే మాత్రం పైపైన తీసి సరిపెట్టుకోవద్దు, సీసా మొత్తం పారబోయండి. కుళ్లు వాసన వచ్చినా అంతే. ఎండాకాలంలో ఐదారు రోజులైనా, చలికాలంలో వారం దాటినా బుడగ లేకపోతే అల్లమే కారణం కావచ్చు. దాని తొక్క మీద ఈస్ట్ సరిపడా లేకపోవచ్చు. వేరే చోట అల్లం కొని మళ్లీ పెట్టండి.

అల్లం నీళ్లు కాచి బాటిల్ చేయడం

రెండు లీటర్లకు లెక్క ఇది. 150 గ్రాముల అల్లం, 200 గ్రాముల చక్కెర, మూడు నిమ్మకాయలు, అర కప్పు వడగట్టిన స్టార్టర్.

గిన్నెలో లీటరు నీళ్లు పోసి అల్లం తురుము వేసి పావుగంట మరిగించండి. రెండు చెంచాల తురుము మాత్రం పచ్చిగా పక్కన ఉంచండి. అల్లం ఉడికితే ఘాటు తగ్గి తీపిదనం వస్తుంది, గొంతులో మంట తెలియాలంటే చివర్లో కాస్త పచ్చి రసం పిండాల్సిందే. ఈ రెండు చెంచాలు లేకపోతే రుచి చప్పగా ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

మంట ఆపి చక్కెర కరిగించండి. మిగతా లీటరు మరగబెట్టి చల్లార్చిన నీళ్లు కలిపి, గుడ్డలో వడగట్టి, పచ్చి అల్లం రసం, నిమ్మరసం పిండండి. నిమ్మరసం రుచి కోసమే కాదు, పులుపు పెరిగితే చెడ్డ బ్యాక్టీరియాకు చోటుండదు. ఇప్పుడు గిన్నె పూర్తిగా చల్లారాలి. వేలు పెడితే ఏ కాస్త వేడి తగిలినా స్టార్టర్ పోయకండి, వేడి ఎక్కువైతే ఈస్ట్ చచ్చిపోతుంది. తొందరుంటే గిన్నెను చల్లనీళ్ల టబ్బులో పెట్టండి.

చల్లారాక స్టార్టర్ కలిపి, గరాటుతో బాటిళ్లలో పోయండి. ప్లాస్టిక్ బాటిల్ వేడినీళ్లకు ముడుచుకుపోతుంది కాబట్టి ముందే గోరువెచ్చని నీళ్లు, కాస్త వెనిగర్‌తో కడిగి ఉంచుకోండి. పైన రెండంగుళాలు ఖాళీ వదిలి మూత గట్టిగా బిగించండి. మూత మీద తేదీ, వేళ రాయండి. బాటిళ్లను బకెట్లో పెట్టి, పొయ్యికి దూరంగా, ఎండ తగలని చోట కింద గచ్చు మీద ఉంచండి. ఫ్రిజ్ పైన పెట్టొద్దు, అక్కడ వెచ్చగా ఉంటుంది.

ఎప్పుడు ఆపాలి

ఇదే అసలు ఘట్టం, ఇక్కడ ఓపిక కావాలి. మనం వేసిన చక్కెర లీటరుకు తొంభై గ్రాముల పైనే. అదంతా పులిసిపోతే ఆల్కహాల్ ఆరు శాతం దాకా చేరుతుంది, కూల్‌డ్రింక్‌లో ఉండే గ్యాస్‌కు ఐదారు రెట్లు పుడుతుంది. ఏ బాటిలూ అంత తట్టుకోదు. మనకు కావాల్సింది అందులో చిన్న వంతు. లీటరుకు ఏడు గ్రాముల చక్కెర పులిస్తే చాలు, ఆల్కహాల్ అర శాతం దగ్గరికి వస్తుంది, తాగడానికి సరిపడా గ్యాసూ వస్తుంది. మిగతా చక్కెర తీపిగా అలాగే మిగలాలి.

దాన్ని పట్టుకునేది మీ బొటనవేలు. మూత బిగించినప్పుడు బాటిల్ మెడ కింద నొక్కండి, లోపలికి సొట్టపడి టక్‌మంటుంది. ఆ మెత్తదనం గుర్తుపెట్టుకోండి. ఆరు గంటలకోసారి అదే చోట నొక్కుతూ ఉండండి. ముందు సొట్టపడటం తగ్గుతుంది, తర్వాత చర్మం బిగిసినట్టు తెలుస్తుంది, వేలు ఇంక దిగడం లేదనిపించిన క్షణాన ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. అన్ని బాటిళ్లూ ఒకేసారి. ఎండాకాలంలో ఒక రోజులోపే గట్టిపడొచ్చు, అందుకే రాత్రి పడుకునే ముందు బాటిల్ నింపకండి. పొద్దున్నే నింపితే పగలంతా మీ కంటి ముందే ఉంటుంది. చలికాలంలో రెండు మూడు రోజులు పడుతుంది.

అడుగున ఉండే ఐదు కాళ్లూ ఉబ్బి బాటిల్ నిలబడకుండా ఒరుగుతోందంటే సమయం దాటిపోయింది. ఆ స్థితిలో మూత తీయకండి. ముందు తువ్వాలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి పూర్తిగా చల్లబడనివ్వండి, తర్వాత సింకులో పెట్టి మూతను కొద్దికొద్దిగా వదులు చేస్తూ గ్యాస్ పోనివ్వండి. అలా దాటిపోయిన దానిలో ఆల్కహాల్ మన లెక్క దాటి ఉంటుంది, దాన్ని పారబోయండి.

వేలి అంచనా చాలదనుకుంటే ఆన్‌లైన్‌లో హైడ్రోమీటర్ దొరుకుతుంది, నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో కొలిచే పరికరం అది. బాటిల్ చేసే ముందు ద్రవంలో తేలేస్తే 1.035, 1.040 మధ్య ఎక్కడో చూపిస్తుంది. పులిసిన దానిలో కొంచెం గ్లాసులో పోసి, గ్యాస్ పోయేదాకా చిలికి మళ్లీ చూడండి. మొదటి సంఖ్యకంటే 0.004 తగ్గితే ఆల్కహాల్ సుమారు అర శాతం. ఒకటి రెండుసార్లు ఇలా కొలిచి చూసుకుంటే మీ వేలికి బాటిల్ ఎంత గట్టిగా ఉన్నప్పుడు ఆపాలో స్థిరపడుతుంది. ఈ పని మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు ఈ ఒక్క పరికరానికి ఖర్చు పెట్టాలి.

ఫ్రిజ్‌లో కనీసం ఒక రాత్రి ఉండాలి. చల్లబడితేనే గ్యాస్ ద్రవంలో కలుస్తుంది. వెచ్చగా తెరిస్తే నురగంతా గోడ మీదికి పోతుంది. ఫ్రిజ్ పులియడాన్ని నెమ్మది చేస్తుందే తప్ప ఆపదు కాబట్టి మూడు నాలుగు రోజుల్లో తాగేయండి, రోజూ ఒకసారి నొక్కి చూడండి.

కరెంటు గురించి కూడా చెప్పాలి. ఫ్రిజ్ ఆగితే బాటిళ్లు మళ్లీ పులియడం మొదలుపెడతాయి. రెండు మూడు గంటల కోతతో ఏమీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినిపిస్తే కొత్త బాటిళ్లు పెట్టకండి. ఉన్నవాటిని ముందే తాగేయండి, లేదా మూతలు వదులు చేసి గ్యాస్ తీసేయండి.

రుచి సరిచేసుకోవడం

మొదటి విడతలో చాలామందికి తీపి ఎక్కువనిపిస్తుంది. చక్కెర మరీ తగ్గించకుండా ఇంకో నిమ్మకాయ పిండి చూడండి. పుల్లగా, వెనిగర్‌లా ఉంటే స్టార్టర్ ముదిరిందని అర్థం. ఒక రోజు ముందే వాడాలి. గ్యాస్ సరిగా రాకపోతే స్టార్టర్ నీరసంగా ఉందేమో చూడండి. అల్లం, చక్కెర వేసిన కొన్ని గంటలకు బాగా బుడగలు లేస్తున్నప్పుడే దాన్ని వాడాలి. అడుగున తెల్లటి మడ్డి పేరుకోవడం మామూలే, అది ఈస్ట్. బాటిల్ కదపకుండా పైతేట వంచుకుంటే సరి.

తర్వాత రుచులతో ఆడుకోవచ్చు. అల్లం మరిగేటప్పుడు నాలుగు మిరియాలు, రెండు యాలకులు చితక్కొట్టి వేస్తే బాగుంటుంది. అరకు వైపు నుంచి వచ్చే మిరియాలు దొరికితే ఇంకా మంచిది. ఎండాకాలంలో మామిడికాయ ముక్కలు మరిగించి నిమ్మరసం బదులు వాడితే పులుపులో వేరే అందం వస్తుంది. పండ్ల రసాలు కలిపితే మాత్రం చక్కెర పెరుగుతుంది, బాటిల్ తొందరగా గట్టిపడుతుంది. అప్పుడు ఆరు గంటలకు కాదు, మూడు గంటలకోసారి నొక్కి చూడండి.

స్టార్టర్‌ను పారేయక్కర్లేదు. వాడినంత నీళ్లు పోసి, ఒక చెంచా అల్లం, ఒక చెంచా చక్కెర వేసి, మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వారానికోసారి మళ్లీ అంతే వేయండి. కొత్త విడత పెట్టాలనుకున్నప్పుడు ముందు రోజు బయటికి తీసి, మేత వేసి, బుడగలు లేచేదాకా ఆగండి. అడుగున పాత తురుము ఎక్కువైతే సగం తీసేయండి. ఎవరైనా అడిగితే ఆ తీసేసిన దానిలోంచే రెండు చెంచాలు ఇవ్వొచ్చు, వాళ్లకు మొదటి మూడు నాలుగు రోజుల నిరీక్షణ తప్పుతుంది.